సాకు చాటు వేట

1809లో ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్ కోర్టులో ఒక అన్న తమ్ముడి మీద దావా నడిపాడు. అన్న ఎసెక్స్ ప్రభువు. తమ్ముడు సవతి తల్లి కొడుకు, రెవరెండ్ విలియం కేపెల్. పేరుకు చర్చిలో గురువే గాని, ప్రాణమంతా గుర్రాల మీదా జాగిలాల మీదా ఉండేది. ఓల్డ్ బర్క్‌లీ అనే వేట బృందంతో కలిసి నక్కను తరుముకుంటూ అన్నగారి కాసియోబరీ ఎస్టేటులోకి జొరబడ్డాడు.

తమ్ముడి వకీళ్ల దగ్గర గట్టి వాదనే ఉంది. నక్క చీడ. కోళ్లను ఎత్తుకుపోతుంది, గొర్రెపిల్లలను చంపుతుంది. చీడను తరుముతూ పక్కవాడి నేలలో కాలు పెడితే అది చొరబాటు కాదని 1786లో ఇంకో కేసులో జడ్జీలే తేల్చారు. కానీ ఈసారి పీఠం మీద ఉన్నది లార్డ్ ఎలెన్‌బరో. ఆయన జ్యూరీ ముందుంచిన ప్రశ్న సూటిగా ఉంది: ఇంతమంది పెద్దమనుషులు ఇన్ని గుర్రాలెక్కి, ఇన్ని కుక్కలను వెంటేసుకుని బయలుదేరింది నిజంగా చీడను వదిలించడానికా, సరదా తీర్చుకోవడానికా? జ్యూరీ అన్నగారి పక్షాన తీర్పు చెప్పింది.

దాంతో వేటకు వెంటనే వచ్చిన నష్టమేమీ లేదు. నేల గలవాడు సరేనంటే చాలు. దొర గుర్రం గేటు దాకా వచ్చాక కాదనగల కౌలుదారు ఆ రోజుల్లో ఎవడు? బూర మోగుతూనే ఉంది. నక్కవేట కూలిపోవడానికి కారకులెవరని అడిగితే కొందరు జంతుప్రేమికులంటారు, కొందరు లేబర్ పార్టీ అంటారు. నాకు మాత్రం ఆ కోర్టు గదిలో చెప్పుకున్న సాకే కనిపిస్తుంది. ఇది మా సరదా అని నోరు తెరిచి ఒప్పుకునే ధైర్యం లేక, లోకోపకారం ముసుగు వేసుకున్న ఆట ఇది. ఆ ముసుగు చివరిదాకా దిగలేదు.

మొదట్లో అది ముసుగు కాదు, నిజమే. 1566లో మొదటి ఎలిజబెత్ కాలపు చట్టం పంటకు చేటు తెచ్చే జంతువుల పట్టీ వేసి ఒక్కోదాని తలకు వెల కట్టింది. నక్క తలకు పన్నెండు పెన్నీలు. ఊరి చర్చి పెద్దలు లెక్క చూసి చెల్లించేవారు. రాజులూ ప్రభువులూ వేటాడింది జింకలను. నక్కను రైతులు వలలు పన్ని, బొరియలు తవ్వి, కర్రలతో కొట్టి చంపేవారు. అడవులు తరిగి జింకలు కరువయ్యాక గాని దొరల చూపు నక్క మీద పడలేదు.

1753లో లెస్టర్‌షైర్‌లోని క్వార్న్ బృందానికి మాస్టరైన హ్యూగో మేనెల్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్లు. అంతకుముందు వేట తెల్లవారుజామున జరిగేది. రాత్రంతా మేసి కడుపు బరువుతో ఉన్న నక్క వెంట కుక్కలు నింపాదిగా వాసన పట్టుకుంటూ నడిచేవి. మేనెల్ వేగం కోసం జాగిలాలను ఏరి ఏరి పెంచాడు. వేట వేళను పొద్దెక్కాకకి జరిపాడు. తిన్నది అరిగి నక్క కాళ్లలో బలం పుంజుకుంటుంది, పరుగు దూరం పెరుగుతుంది. అదే కాలంలో ఉమ్మడి బీళ్లను పంచి కంచెలు నాటారు. దూకడానికి ముళ్లకంచెలు, పరిగెత్తడానికి పచ్చిక, తరమడానికి నక్క. లండన్ ధనవంతులు చలికాలం రాగానే మెల్టన్ మోబ్రేలో మకాం వేసి వారంలో ఎక్కువ రోజులు జీను మీదే గడిపేవారు.

ఇక చీడను వదిలించడం సంగతి? నక్కలు తగ్గిపోతే వేట ఆగిపోతుంది కదా! అందుకని వాటి కోసం ముళ్లపొదల తోపులు పెంచారు. ఇటుకలతో బొరియలు కట్టించారు. అప్పటికీ చాలకపోతే ఫ్రాన్సు నుంచి దిగుమతైన నక్కలు లండన్ లీడెన్‌హాల్ బజారులో అమ్మకానికి దొరికేవి. గోతాల్లో వేసుకొచ్చి వదిలేవారు. కోళ్లు పోయాయని మొత్తుకునే రైతుకు నష్టపరిహారం ఇవ్వడానికి వేట బృందాలు కోళ్ల నిధి పెట్టుకున్నాయి. నక్కను తుపాకీతో కాల్చిన వాణ్ని సాటి పెద్దమనుషులు వెలివేసినంత పని చేసేవారు. చట్టం ముందు చీడ, చందా పుస్తకంలో దత్తపుత్రుడు. ఇంత పచ్చిగా కనిపించే విషయాన్ని అంత చదువుకున్న జనం తరతరాలుగా చూడనట్టే ఉన్నారు.

వేటను మన పెద్దలు జూదం పక్కన చేర్చి సప్తవ్యసనాల్లో ఒకటన్నారు. జింక రూపంలో బాణం దెబ్బ తిన్న కిందమ ముని ప్రాణం పోతూ నిలదీసినప్పుడు పాండురాజు కూడా ముందు రాజధర్మం పేరే ఎత్తాడు. అది శాపాన్ని ఆపలేదు.

అయినా ఆ రోజు ఎలా గడిచేదో చూస్తే, మనసు ఇవ్వనివాడు కూడా కాసేపు నిలబడిపోతాడు. సీజను నవంబరు నుంచి మార్చి దాకా. ముందురోజు రాత్రి లాంతరు పట్టుకుని ఒక కూలివాడు తోపుల అంచున తిరుగుతాడు. నక్క మేతకు పోయిన సమయం చూసి బొరియ నోళ్లను మట్టితో, కంపతో మూసేస్తాడు. తిరిగొచ్చిన నక్కకు ఇల్లుండదు. ఏ పొదలోనో ముడుచుకు పడుకుంటుంది. పొద్దెక్కాక ఊళ్లో సత్రం ముందు ఎర్ర కోట్లు, ఆవిర్లు కక్కే గుర్రాలు, జీను మీదికే అందించే పోర్ట్ వైను. కుక్కలను ఒకటీ రెండూ అని ఎవరూ లెక్కపెట్టరు, జతల్లో చెబుతారు. పదిహేడున్నర జతలంటే ముప్పై అయిదు. వాటిని నడిపే హంట్స్‌మన్ దొర కాదు, జీతగాడు. ప్రతి జాగిలాన్నీ పేరుతో, గొంతుతో గుర్తుపడతాడు. పొదలోంచి ఒకటి గొంతెత్తితే అది నమ్మదగ్గదో, కుందేలు వాసనకు మోసపోయిన కుర్రదో వినగానే చెప్పగలడు. నమ్మకమైన గొంతు అయితే మిగతావి అటు పోగవుతాయి. అన్నీ కలిసి ఎత్తుకున్న ఆ అరుపును వాళ్లు సంగీతమనే అంటారు. జానెడు రాగి బూర మోగుతుంది, అక్కడి నుంచి లోకం పరుగే.

పరుగు చివర చాలాసార్లు నక్క తప్పించుకుంటుంది. తప్పించుకోలేకపోతే ముందున్న జాగిలం మెడ మీద ఒక్క పట్టు పడుతుందనీ, క్షణంలో ప్రాణం పోతుందనీ వేటగాళ్లు చెప్పేవారు. ప్రతిసారీ అలా జరగదని తర్వాత పరీక్షలు చెప్పాయి. ఎక్కడో మూయని బొరియ దొరికి దూరితే, టెర్రియర్‌ను లోపలికి వదిలి, పైనుంచి పార పట్టి తవ్వి, బయటపడ్డాక కాల్చేవారు. తోక, తల, పాదాలు బహుమతులు. మొదటిసారి వేటకొచ్చిన పిల్లల బుగ్గలకు నక్క నెత్తురు పూసేవారు. రాజకుటుంబం పిల్లలకూ మినహాయింపు లేదు. ఇక గోడ బొమ్మల్లో ఎక్కడా కనిపించనిది శరదృతువు వేట. ఎర్ర కోట్లు ఉండవు, దూకుళ్లు ఉండవు. తెల్లవారుజామున తోపు చుట్టూ మనుషులు నిలబడతారు, ఆ ఏడాది పుట్టిన నక్కపిల్లల మీద కుర్ర జాగిలాలకు చంపడం నేర్పుతారు. బృందాలు ఏటా చంపే నక్కల్లో నూటికి నలభై దాకా ఆ వారాల్లోనే చచ్చేవని 2000లో లెక్క తేలింది.

ఎర్ర కోట్ల వెనక ఇంకో లోకం ఉంది. ఈ పతనంలో నాకు నిజంగా జాలి కలిగేది దాని మీదే. కెన్నెల్స్ అనే కుక్కల కొట్టాల పక్కన మాంసం కొట్టు ఒకటి ఉంటుంది. చుట్టుపక్కల ఏ రైతు ఆవు ఈనలేక చచ్చినా, దూడ నిలవకపోయినా కబురు అక్కడికే పోతుంది. కెన్నెల్ మనిషి బండి వేసుకొచ్చి కళేబరాన్ని తీసుకుపోతాడు, తోలు ఒలుస్తాడు, మాంసం కుక్కలకు వేస్తాడు. ఊరూరా పొలాలు తొక్కి పోయే వేటను రైతు సహించడానికి ఈ సాయం కూడా ఒక కారణం. జాగిలం కూనలను కొన్ని నెలలు రైతు ఇళ్లకే పంపేవారు; వంటింట్లో తిరిగి, కోళ్ల జోలికి పోకూడదని దెబ్బలు తిని నేర్చుకుని, ఎదిగాక కెన్నెల్‌కు తిరిగొచ్చేవి. వేసవిలో ఆ కూనలకు ప్రదర్శన పెట్టి, పెంచిన ఇల్లాలికి బహుమతిగా వెండి చెంచానో గిన్నో ఇచ్చేవారు. అదే కూన ఆరేడేళ్లు పరిగెత్తి మందతో సమంగా పోలేని రోజు వచ్చాక, పేరు పెట్టి పిలిచిన మనిషే తుపాకీ తెస్తాడు. నిషేధం వస్తే జాగిలాలన్నిటినీ చంపాల్సి వస్తుందని తర్వాత వేటపక్షం వాళ్లు ఊరేగింపుల్లో అట్టలు పట్టుకున్నప్పుడు, ఎదుటివాళ్లకు జవాబు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

ఈ ఆట మన దాకా కూడా వచ్చింది. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో వేసవి పాలన ఊటీ నుంచి సాగేది. అక్కడ తోడాల పశువులు మేసే పచ్చిక బయళ్లు ఇంగ్లీషు దొరలకు లెస్టర్‌షైర్‌లా కనిపించాయి. ఓడల్లో జాగిలాలను దింపారు, ఎర్ర కోట్లు తొడిగారు. అక్కడ ఎర్రనక్క లేదు కాబట్టి ఊళ వేసే మన నక్కనే తరిమారు. 1891 నుంచి 1896 దాకా గవర్నరుగా ఉన్న వెన్లాక్ పేరే ఆ బయళ్లకు స్థిరపడింది. ఇక్కడ సాకు అవసరం కూడా రాలేదు. అడిగే కోర్టు లేదు, గేటు దగ్గర రైతు లేడు. స్వాతంత్ర్యం తర్వాత ఆ పచ్చిక చాలా మేర తుమ్మ, నీలగిరి తోటల కింద పోయింది. ఒక మూల ఫిల్ము తయారు చేసే ప్రభుత్వ ఫ్యాక్టరీ వచ్చింది. మిగిలిన బయళ్లలో మన హీరోలూ హీరోయిన్లూ పాటలకు పరిగెత్తారు. నైన్త్ మైల్ అని టాక్సీ డ్రైవర్లు చూపించేది ఆ వేటనేలలో ముక్కే. ఊటీ క్లబ్బు గోడల మీద వేట మాస్టర్ల పేర్లు వరసగా ఉన్నాయి. నక్క ఇప్పుడు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో ఉంది.

ఇంగ్లండులో మాత్రం పతనం చాలా నెమ్మదిగా నడిచింది. 1869లో చరిత్రకారుడు ఫ్రీమన్ ఒక పత్రికలో ఇది క్రూరమని రాస్తే, వేటంటే ప్రాణమిచ్చే నవలాకారుడు ట్రాలప్ అదే పత్రికలో ఎదురు రాశాడు. 1880ల తర్వాత ముళ్లతీగ కంచెలు వచ్చి గుర్రాల పొట్టలు చీల్చాయి. రైళ్లు, తర్వాత మోటారు రోడ్లు నేలను ముక్కలు చేశాయి. 1911 జంతు సంరక్షణ చట్టం పెంపుడు జంతువులకూ బంధించిన వాటికీ మాత్రమే వర్తించింది. అడవి నక్క దాని బయటే ఉండిపోయింది. 1924లో క్రూర క్రీడల వ్యతిరేక సంఘం పుట్టింది, 1930లో వేట పక్షం తన సంఘం పెట్టుకుంది. 1949లో నిషేధపు బిల్లు ఓడింది. ప్రభుత్వం వేసిన స్కాట్ హెండర్సన్ కమిటీ 1951లో, నక్కల అదుపుకు మిగతా మార్గాలతో పోలిస్తే ఇదే తక్కువ క్రూరమని వెనకేసుకొచ్చింది. పాత సాకుకు సర్కారీ ముద్ర పడింది. 1963 నుంచి కుర్రాళ్లు పొలాల్లోకే దిగి తప్పుడు బూరలూదుతూ, వాసన మళ్లించే మందులు చల్లుతూ వేటను చెడగొట్టసాగారు.

1997లో లేబర్ పార్టీ గెలిచాక లెక్క మారింది. ఆ నవంబరులో మైఖేల్ ఫాస్టర్ తెచ్చిన బిల్లుకు 411 మంది ఓటేశారు, 151 మంది కాదన్నారు. కాలయాపన చేసి దాన్ని చంపేశారు. ప్రభుత్వం ఆర్థిక శాఖలో పనిచేసి వచ్చిన లార్డ్ బర్న్స్‌ను విచారణకు పెట్టింది. ఆయన 2000 జూన్‌లో ఇచ్చిన నివేదికలో క్రూరమన్న మాట వాడలేదు. తరిమి చంపడం నక్క క్షేమాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుందని మాత్రం తేల్చాడు. సుమారు రెండు వందల బృందాలు ఏటా చంపేది 21 వేల నుంచి 25 వేల నక్కలనీ, దేశంలో ఏటా చచ్చే నక్కల ముందు అది చిన్న భాగమనీ లెక్క వేశాడు. మరుసటి ఏడు గాలికుంటు జబ్బు పశువులను ఊడ్చిపెట్టడంతో దాదాపు ఏడాదిపాటు వేట ఆగిపోయింది. ఆ ఏడాది నక్కలు పెరిగాయేమోనని శాస్త్రజ్ఞులు వెతికారు. పెరగలేదు. 2002లో ఆ సంగతి నేచర్ పత్రికలో అచ్చయింది. ఎలెన్‌బరో ప్రశ్నకు ఒక జబ్బు జవాబు చెప్పినట్టయింది.

అప్పటికీ దారి మూసుకుపోలేదు. లైసెన్సు పెట్టి, అవసరమైన చోట తక్కువ బాధతో జరుగుతుందని రుజువు చేసిన వాళ్లను వేటాడనిద్దామన్న మధ్యేమార్గం బల్ల మీదే ఉంది. 2001లో ప్రభువుల సభ దాన్ని తోసిపుచ్చింది. మా సంగతి మేమే చూసుకుంటామంది. 2002 సెప్టెంబరు 22న నాలుగు లక్షల మంది పల్లెవాసులు లండన్ వీధుల్లో నడిచారు. వాళ్లలో ఎర్ర కోటు తొడిగే స్తోమత ఉన్నవాళ్లు ఎందరు? నాడాలు కొట్టేవాళ్లు, గుర్రాల కాపరులు, చిన్న రైతులు, సత్రం నడిపేవాళ్లు. పాల ధరలు పడిపోవడం, పోస్టాఫీసులు మూతబడటం, బస్సులు రాకపోవడం, అన్నీ కలిపి ఒక్క వేట పేరు మీద కేకేశారు. ప్రభుత్వమే మధ్యేమార్గం బిల్లు తెస్తే 2003లో కామన్స్ సభ్యులు దాన్ని పూర్తి నిషేధంగా మార్చేశారు. 2004 అక్టోబరులో ప్రభువుల సభకు జ్ఞానోదయమై లైసెన్సు విధానాన్ని తిరిగి చేర్చి పంపింది. అప్పుడు వినేవాడు లేడు. మూడేళ్ల ముందు చేతికందినదాన్ని కాలదన్నినవాళ్లు ఇప్పుడు దాన్నే బతిమాలుకున్నారు. ఈ గాథలో నన్ను ఆపేసే చోటు ఇదే.

దీనికి ముందే సెప్టెంబరు 15న అయిదుగురు యువకులు కాపలా దాటి కామన్స్ సభలోకే దూసుకెళ్లారు. బయట చౌకులో పోలీసు లాఠీలకు తలలు పగిలాయి. నవంబరు 18న చట్టానికి రాణి సమ్మతి వచ్చింది. ప్రభువుల సభ ఒప్పుకోలేదు కాబట్టి పార్లమెంటు చట్టాన్ని ప్రయోగించారు. 1909లో లాయిడ్ జార్జ్ బడ్జెట్‌ను అడ్డుకున్నందుకు ప్రభువుల రెక్కలు కత్తిరించిన 1911 చట్టమది. 1949 సవరణ తర్వాత దాన్ని వాడటం ఇది నాలుగోసారి. వేటపక్షం ఆ సవరణే చెల్లదని తొమ్మిది మంది లా లార్డుల దాకా వెళ్లి 2005 అక్టోబరులో ఓడిపోయింది.

2005 ఫిబ్రవరి 17 గురువారం చట్టబద్ధమైన వేటకు చివరి రోజు. పెద్దవాళ్లు ఏడ్చారు. శుక్రవారం చట్టం అమల్లోకి వచ్చింది. శనివారం దేశమంతటా బృందాలు మళ్లీ బయలుదేరాయి!

ఎలాగంటే, చట్టంలో సందులున్నాయి. రెండు కుక్కలతో నక్కను పొదలోంచి బయటికి తోలి కాల్చవచ్చు. వేట పక్షికి అందించడానికైతే ఎన్ని కుక్కలతోనైనా తోలవచ్చు. దాంతో కొన్ని బృందాలు జాగిలాల మంద వెంట ఒక గద్దనో గుడ్లగూబనో మోసుకు తిరిగాయి. ఎక్కువమంది పట్టుకున్నది మాత్రం జాడ వేట: ముందుగా ఒకడు నక్క వాసన పూసిన గుడ్డను నేల మీద ఈడ్చుకుపోతాడు, కుక్కలు ఆ జాడ వెంట పోతాయి. మధ్యలో నిజం నక్క లేస్తే? ప్రమాదవశాత్తు జరిగిందంటారు. చట్టంలో ఉన్నది ఉద్దేశపూర్వకంగా చేసిన వేటకే శిక్ష. అది కూడా జరిమానాయే, జైలు లేదు. చీడ సాకు పోయి ప్రమాదం సాకు వచ్చింది. 2009లో హైకోర్టు, నక్క కోసం వెతకడం వేట కిందికి రాదంది, నేరం రుజువు చేసే బరువు ప్రాసిక్యూషన్‌దేనంది. 2012లో హీత్రోప్ బృందం నేరం ఒప్పుకుంది. కేసు నడిపిన జంతు సంక్షేమ సంస్థకు మూడు లక్షల పౌండ్లకు పైగా ఖర్చయింది, విమర్శలూ తప్పలేదు. టోనీ బ్లెయిర్ తన ఆత్మకథలో ఈ నిషేధం పట్ల పశ్చాత్తాపపడ్డాడు.

తర్వాత గేట్లు ఒక్కొక్కటే మూసుకున్నాయి. 2020లో వేట నిర్వాహకుల ఆన్‌లైన్ శిక్షణ వీడియోలు బయటికొచ్చాయి. వాటిలో జాడ వేటను ముసుగుగా వాడుకోమన్నాడని ఒక ముఖ్యుడికి శిక్ష పడింది, అప్పీలులో 2022లో కొట్టేశారు. ఈలోగా విశాలమైన భూములున్న నేషనల్ ట్రస్ట్ 2021లో జాడ వేటకు అనుమతులు ఆపేసింది. స్కాట్లండ్ 2023లో తన చట్టాన్ని బిగించి రెండు కుక్కల హద్దు పెట్టింది. 2024 ఎన్నికల్లో లేబర్ పార్టీ జాడ వేటను కూడా నిషేధిస్తామని మాటిచ్చి గెలిచింది. ఉత్తర ఐర్లండులో మాత్రం పాత వేటే ఇప్పటికీ చట్టబద్ధం.

లెస్టర్‌లో చదువుకోవడానికి వెళ్లే మన పిల్లలకు క్వార్న్ అన్న మాట తెలుసు. సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో శాకాహారుల కోసం అమ్మే, శిలీంధ్రంతో చేసిన ఉత్తుత్తి మాంసం పేరు అది. కంపెనీ ఆ పేరు తీసుకున్నది మేనెల్ జాగిలాలు తిరిగిన ఊరి నుంచే. ప్యాకెట్టు మీద నక్క బొమ్మ లేదు గాని, ఆ ఊరి కీర్తికి పట్టిన ఇంత వింత వారసత్వం ఎవరూ ఊహించి ఉండరు.

ఇక నక్క సంగతి. దానికి ఇంగ్లండులో ఏ నెలా మినహాయింపు కాదు. నేల గలవాడి అనుమతీ, చేతిలో లైసెన్సున్న తుపాకీ ఉంటే ఏడాదిలో ఏ రాత్రయినా కాల్చవచ్చు. వేట బృందం చందాలతో తోపులు పెంచిన చోట ఇప్పుడు రైతు చీకట్లో వేడిని పట్టి చూపే స్కోపు తగిలించిన రైఫిలుతో కూర్చుంటాడు. గొర్రెలు ఈనే కాలంలో ఒక్కోసారి పిలిస్తే కెన్నెల్ మనిషే వచ్చి ఆ పని చేసిపెడతాడు. మర్నాడు పొద్దున చచ్చిన గొర్రెను తీసుకుపోయేదీ అతనే.